గడువుకు తొమ్మిది రోజుల ముందు కంపైలర్ ప్రాజెక్టు: సగంలో ఉన్న అర్రేలను ఏం చేయాలి?

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. నేను పొరపాటుగా అర్థం చేసుకుని ఉంటే అది ఇక్కడే బయటపడుతుంది. మీరు బరంపురంలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నారు. ముగ్గురు కలిసి సీ భాషలోని ఒక చిన్న భాగానికి కంపైలర్ (ప్రోగ్రామును ప్రాసెసర్ నడపగల రూపానికి మార్చే సాధనం) రాస్తున్నారు. ప్రోగ్రామును మాటలుగా విడగొట్టే ఫ్లెక్స్, గ్రామర్‌ను (వ్యాకరణ నియమాలను) బట్టి ఆ మాటలను చదివే పార్సర్‌ను తయారుచేసే బైసన్‌లతో మొదలుపెట్టి, ప్రాసెసర్ ఆదేశాలను రాసే 64 బిట్ల ఇంటెల్ అసెంబ్లీ దాకా వచ్చారు. పూర్ణాంకాలు, ఇఫ్, వైల్, ఫంక్షన్లు పనిచేస్తున్నాయి. అర్రేలు (ఒకే పేరు కింద వరుసగా ఉండే విలువలు) మాత్రం సగంలో ఆగాయి: మూలకాన్ని చదవడం, రాయడం వచ్చాయి గానీ అర్రేను ఫంక్షన్‌కు పంపితే చిరునామాకు బదులు మొదటి మూలకం విలువ వెళుతోంది. బైసన్ 21 షిఫ్ట్-రెడ్యూస్ కాన్‌ఫ్లిక్టులు (ముందుకు చదవాలా, చదివినదాన్ని మూట కట్టాలా అని తేలని చోట్లు) చూపిస్తోంది. మూడు లోకల్ వేరియబుళ్లు ఉన్న ఫంక్షన్ నుంచి ప్రింట్‌ఎఫ్‌ను (తెర మీద రాసే ఫంక్షన్‌ను) పిలిస్తే ల్యాబ్ కంప్యూటర్లో సెగ్మెంటేషన్ ఫాల్ట్ వచ్చి ప్రోగ్రామ్ కూలిపోతోంది. ఇంట్లో రావడం లేదు. జట్టులో ఒకరు మజ్జిగౌరమ్మ చైత్ర జాతరకని రాయగడ వెళ్లారు. రిపోర్టు ఇంకా మొదలుపెట్టలేదు. గడువు తొమ్మిది రోజులు. మిగిలిన సమయాన్ని అర్రేలు పూర్తి చేయడానికి వాడాలా, లేక మార్కులు కలిసివస్తాయని విన్న ఆప్టిమైజేషన్‌కు (పుట్టే కోడ్‌ను మెరుగుపరచడానికి) వాడాలా అన్నది మీ సందేహం.

రెండింటికీ వద్దు. ఈ రోజు నుంచి మీ కంపైలర్‌లో ప్రతి అంశం రెండు స్థితుల్లో ఏదో ఒకదానిలోనే ఉండాలి: పరీక్షలతో రుజువై పనిచేయాలి, లేదా వరుస సంఖ్యతో సహా "ఇది ఈ కంపైలర్‌లో లేదు" అని స్పష్టంగా చెప్పి ఆగిపోవాలి. మూడో స్థితి ఏదీ మిగలకూడదు. మీ అర్రేలు ప్రస్తుతం ఆ మూడో స్థితిలోనే ఉన్నాయి. ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమన్నట్టు, అర్రేను ఫంక్షన్‌కు పంపినా మీ కంపైలర్ మారుమాట్లాడకుండా అసెంబ్లీ రాసి ఇచ్చేస్తోంది. ఆ ప్రోగ్రామ్ నడుస్తుంది కూడా. జవాబు మాత్రం తప్పు వస్తుంది. కంపైలర్‌కు అంతకంటే పెద్ద దోషం లేదు. ఎందుకంటే ప్రోగ్రామ్ రాసినవాడు తన కోడ్‌లోనే తప్పు వెతుక్కుంటూ కూర్చుంటాడు తప్ప కంపైలర్‌ను అనుమానించడు. వైవాలో పరీక్షకులు అర్రేలు ఉన్నాయా అని అడిగి, ఉన్నాయనగానే తమ సొంత ప్రోగ్రామ్ ఒకటి టైప్ చేస్తారు. అది చాలావరకు అర్రేను ఫంక్షన్‌కు పంపి క్రమంలో పెట్టించే ప్రోగ్రామే అవుతుంది.

కాబట్టి అర్రేల విషయంలో ఒక్క రోజు మాత్రమే తీసుకోండి. ఫంక్షన్ లోపలే ప్రకటించి, అక్కడే చదివి రాసే అర్రేలకు ఏడెనిమిది పరీక్షలు రాయండి. అవన్నీ నెగ్గితే ఆ మేరకు ఉంచుకోండి. అర్రే పేరు ఆర్గ్యుమెంట్‌గా కనిపించిన చోట, టైప్ తనిఖీ దశలోనే, "17వ వరుస: అర్రేను ఫంక్షన్‌కు పంపడం ఈ కంపైలర్‌లో లేదు" అనే ధోరణిలో సందేశం ఇచ్చి, సున్నా కాని ఎగ్జిట్ కోడ్‌తో (పని విఫలమైందని చెప్పే అంకెతో) ముగించండి, అసెంబ్లీ ఫైలును మిగల్చకండి. ఈ చివరి మాటను చాలామంది పట్టించుకోరు. తప్పు చెప్పాక కూడా సగం రాసిన అసెంబ్లీ ఫైలు డిస్కు మీద ఉండిపోతే, నిర్మాణ దశలను వరుసగా నడిపించే మేక్‌ఫైలు మరుసటిసారి దానినే తాజా ఫైలుగా భావించి ముందుకు పోతుంది. అప్పుడు మీరు పరీక్షిస్తున్నది ఏ ప్రోగ్రామో మీకే తెలియదు. ఒకవేళ ఆ ఏడెనిమిది పరీక్షల్లో మూడు ఓడిపోతే సంకోచించకుండా అర్రేలను మొత్తంగా నిరాకరించండి. రాసిన కోడ్‌ను, మార్పుల చరిత్రను దాచే గిట్‌లో, వేరే బ్రాంచిలో (విడి శాఖలో) పెట్టుకుంటే అది ఎక్కడికీ పోదు, రిపోర్టులో దాని గురించి ఒక పేరా కూడా రాసుకోవచ్చు.

ఇక 21 కాన్‌ఫ్లిక్టుల సంగతి. ఈ అంకె చూడగానే మీ గ్రామర్ చూడకుండానే దాని ఆకారం ఊహించగలిగాను. మీకు కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం అనే నాలుగు ద్విపద ఆపరేటర్లు ఉన్నాయి. వాటి ప్రాధాన్యాన్ని ఎక్కడా ప్రకటించలేదు. "ఎక్స్‌ప్రెషన్ ప్లస్ ఎక్స్‌ప్రెషన్" దాకా చదివాక, తరువాత కనిపించే గుర్తు ఆ నాలుగింటిలో ఏదైనా, చదివినదాన్ని ఇప్పుడే మూట కట్టాలా, ఇంకా ముందుకు చదవాలా అన్నది పార్సర్‌కు తేలదు. అలాంటి స్థితులు నాలుగు, ఒక్కోదానిలో నాలుగు సందిగ్ధాలు, మొత్తం 16. సంఖ్యకు ముందు వచ్చే మైనస్ నియమం దగ్గర మరో నాలుగు. పోలికల గుర్తులను మీరు వేరే నియమంలో పెట్టి ఉండాలి, లేకుంటే ఈ లెక్క ఇంకా పెరిగేది. ఇక మిగిలిన ఒక్కటి అందరికీ వచ్చేదే, ఎల్స్ ఏ ఇఫ్‌కు చెందుతుందన్న పాత తగువు.

"అన్నీ సరిగానే లెక్కిస్తోంది కదా, కాన్‌ఫ్లిక్టులు ఉంటే ఏమిటి" అని మీ జట్టులో ఒకరు అన్నట్టు రాశారు. సందిగ్ధం వచ్చినప్పుడు బైసన్ షిఫ్ట్‌నే, అంటే ముందుకు చదవడాన్నే, ఎంచుకుంటుంది. 1970ల్లో బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ రాసిన, బైసన్‌కు ముందుతరం సాధనమైన యాక్ నుంచి వచ్చిన అలవాటు అది. దాని ఫలితం ఏమిటంటే, ఆపరేటర్లన్నీ కుడి నుంచి ఎడమకు జతపడతాయి. మీరు పరీక్షించిన 2 + 3 * 4 కు 14 వచ్చింది. ప్రాధాన్యం ఉన్నా లేకపోయినా అక్కడ 14 రావలసిందే, కనుక ఆ పరీక్ష దేనినీ రుజువు చేయలేదు. 2 * 3 + 4 ఇచ్చి చూడండి: 10 రావలసిన చోట మళ్లీ 14 వస్తుంది. 10 - 4 - 3 ఇస్తే 3కు బదులు 9 వస్తుంది. మంచి పరీక్ష అంటే తప్పు గ్రామర్‌కు ఒక జవాబు, సరైన గ్రామర్‌కు మరో జవాబు వచ్చేది. రెండింటికీ ఒకే జవాబు వచ్చే పరీక్షలు వంద రాసినా ప్రయోజనం లేదు.

దీనికి గ్రామర్‌ను తిరగరాయనక్కరలేదు. బైసన్ ఫైలు పై భాగంలో, ఎడమ నుంచి కుడికి జతపరచమని చెప్పే %లెఫ్ట్ ప్రకటనతో ముందు ప్లస్, మైనస్‌లను ఒక వరుసలో, దాని కింద గుణకార, భాగహారాలను మరో వరుసలో రాయండి. కింద రాసినదానికి ప్రాధాన్యం ఎక్కువ. ఆ రెండింటి కిందా యునరీ మైనస్‌కు (సంఖ్యకు ముందు వచ్చే మైనస్‌కు) ఒక ఉత్త పేరు పెట్టి, దానిని %ప్రెక్ ద్వారా ఆ నియమానికి తగిలించండి. ఇరవై కాన్‌ఫ్లిక్టులు పది నిమిషాల్లో పోతాయి. ఎల్స్ దగ్గరిది ఉండనివ్వండి. షిఫ్ట్ ఎంచుకుంటే ఎల్స్ తనకు దగ్గరి ఇఫ్‌కు అంటుకుంటుంది, సీ భాష కోరేదీ అదే. అయితే %ఎక్స్‌పెక్ట్ 1 అని రాయండి. అప్పుడు ఆ ఒక్కటి తెలిసే ఉంచామని చదివేవారికి అర్థమవుతుంది, రేపు ఎవరైనా గ్రామర్‌ను కదిలించి రెండోది తెస్తే బైసన్ అక్కడే ఆగి తప్పు చూపిస్తుంది. మీ బైసన్ 3.7 లేదా ఆ తరువాతిది అయితే, అంటే 2020 జూలైలో గానీ ఆ తరువాత గానీ విడుదలైనది అయితే, కౌంటర్ ఎగ్జాంపుల్స్ హెచ్చరికను ఆన్ చేయండి. ఏ ప్రోగ్రామ్ ముక్క రెండు విధాలుగా అర్థమవుతోందో అదే రాసి చూపుతుంది. స్థితుల పట్టికను వరుసవారీగా చదువుతూ రాత్రుళ్లు గడిపిన మా తరానికి అది కాస్త అసూయ పుట్టించే సౌకర్యం.

సెగ్మెంటేషన్ ఫాల్ట్ గురించి మీరు ఇచ్చిన వివరమే జవాబును పట్టిస్తోంది. మూడు లోకల్ వేరియబుళ్లు ఉంటే కూలిపోతోంది, రెండు గానీ నాలుగు గానీ ఉంటే కూలడం లేదు. లైనక్స్‌లో 64 బిట్ల ఇంటెల్ ప్రాసెసర్లకు ఉన్న ఒప్పందం ప్రకారం, ఫంక్షన్‌ను పిలిచే కాల్ ఆదేశం ఇచ్చే క్షణంలో స్టాక్ పాయింటర్ (స్టాక్ అనే తాత్కాలిక నిల్వ స్థలపు కొస చిరునామా) 16తో నిశ్శేషంగా భాగించబడాలి. మీ ఫంక్షన్‌లోకి వచ్చేటప్పటికి రిటర్న్ చిరునామా 8 బైట్లు, ఆ వెంటనే మీరు భద్రపరిచే ఆర్‌బీపీ రిజిస్టర్ (ప్రాసెసర్ లోపలి నిల్వ గది) మరో 8 బైట్లు, మొత్తం 16. అంతవరకు సరిగానే ఉంది. ఆ తరువాత ఒక్కో వేరియబుల్‌కు 8 బైట్ల చొప్పున మూడింటికి 24 తీసివేస్తున్నారు, అక్కడ అమరిక తప్పుతోంది. ప్రింట్‌ఎఫ్ లోపల ఒకేసారి 16 బైట్లు కదిలించే మూవ్‌ఏపీఎస్ వంటి ఆదేశం ఎదురైతే అది అమరిక తప్పిన చిరునామాను ఒప్పుకోదు. మీ ఇంటి కంప్యూటర్లోని సీ లైబ్రరీ వెర్షన్‌లో ఆ దారిలో అలాంటి ఆదేశం లేకపోయి ఉండవచ్చు. అందుకే ఇంట్లో కూలడం లేదు. అది మీ కోడ్ సరైనదన్న సాక్ష్యం కాదు.

24ను 32కు పెంచితే, అంటే లోకల్ వేరియబుళ్ల మొత్తాన్ని ఎప్పుడూ 16 గుణిజానికి పైకి సరిచేస్తే, మీరు చెప్పిన ఉదాహరణ బాగుపడుతుంది. అక్కడితో ఆగవద్దు. మీరు ఎక్స్‌ప్రెషన్ల మధ్య విలువలను స్టాక్ మీదకు పుష్ చేస్తున్నారు కదా. 1 + ఎఫ్(2) లాంటి చోట, 1ని పుష్ చేసిన తరువాత ఎఫ్‌ను పిలిచే సమయానికి స్టాక్ మళ్లీ 8 బైట్లు పక్కకు జరిగి ఉంటుంది. అందువల్ల కోడ్ రాసే దశలో ప్రస్తుతం ఎన్ని విలువలు పుష్ అయి ఉన్నాయో ఒక లెక్క ఉంచుకుని, అది బేసి అయితే పిలుపుకు ముందు మరో 8 తీసివేసి, తిరిగి వచ్చాక కలపండి. ఇంకొకటి: ప్రింట్‌ఎఫ్ వంటి, ఆర్గ్యుమెంట్ల సంఖ్య మారే ఫంక్షన్లను పిలిచేముందు ఏఎల్ రిజిస్టర్‌లో సున్నా పెట్టడం మరవకండి, దశాంశ సంఖ్యలు పంపడం లేదని అది చెబుతుంది. ఈ రెండూ పెట్టని విద్యార్థి కంపైలర్లను నేను చాలా చూశాను. వాటిలో ఎక్కువ భాగం సరిగ్గా ప్రదర్శన రోజునే కూలాయి, ఎందుకంటే ఆ రోజే అవి కొత్త కంప్యూటర్ మీద నడిచాయి.

ఆప్టిమైజేషన్ మీద మీ మోజు నాకు అర్థమైంది. స్థిరాంకాల లెక్కలను కంపైలరే ముందుగా చేసిపెట్టడం నలభై వరుసల పనిగా కనిపిస్తుంది, నిజంగానే నలభై వరుసలే. కానీ వాడేవారు 1 / 0 అని రాస్తే, ఆ భాగహారాన్ని చేయబోయి చనిపోయేది వారి ప్రోగ్రామ్ కాదు, మీ కంపైలర్. -2147483648ని -1తో భాగించినా అదే గతి. జవాబు 32 బిట్లలో పట్టదు, ప్రాసెసర్ అదే తప్పును లేవనెత్తుతుంది. ఆ సంఖ్యను ఊరికే చదవడంలో కూడా చిక్కుంది: మైనస్ వేరు, 2147483648 వేరు, ఆ రెండోది 32 బిట్ల పరిధిని ఒకటితో దాటిపోతుంది. ఇవన్నీ చూసుకునే తీరిక మీకు ఈ తొమ్మిది రోజుల్లో లేదు.

పరీక్షల విషయానికి వస్తే, పదిహేను ఇరవై చిన్న ప్రోగ్రాములు, ఒక్కోదాని పక్కన రావలసిన జవాబు ఉన్న ఫైలు, వాటన్నిటినీ నడిపి తేడాలు చూపే ఒక షెల్ స్క్రిప్టు చాలు. ఫాక్టోరియల్ ప్రోగ్రామ్ అందరూ పెడతారు, 5 ఇచ్చి 120 చూసి తృప్తి పడతారు. మీరు 12 ఇచ్చి 479001600 వస్తోందో చూడండి, తరువాత 13 ఇవ్వండి. అసలు జవాబు 6227020800. అది 32 బిట్ల పూర్ణాంకంలో పట్టదు, పై బిట్లు రాలిపోయి 1932053504 మిగులుతుంది. మీ కంపైలర్ పెద్ద సంఖ్యనే చూపిస్తే మీరు ఇంట్ అని పిలుస్తున్నది నిజానికి 64 బిట్లదని అర్థం. ఆ నిర్ణయంలో తప్పు లేదు గానీ రిపోర్టులో రాయాలి, అడిగితే చెప్పగలగాలి. పరీక్షల్లో కనీసం మూడో వంతు తప్పు ప్రోగ్రాములు ఉండాలి: ప్రకటించని పేరు, తక్కువ ఆర్గ్యుమెంట్లు, మూయని కామెంటు, లోపలి బ్లాకులో అదే పేరుతో మరో వేరియబుల్ (ఇది తప్పు కాదు, కానీ బయటికి వచ్చాక పాత విలువే కనిపించాలి).

తప్పులు చెప్పే సందేశాల మీద ఒక సాయంత్రం వెచ్చించండి. ఉత్త "సింటాక్స్ ఎర్రర్" అనే మాట ఎవరికీ ఏమీ చెప్పదు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి మా ఊరు. రాసేది చదివేవాడికి అర్థం కావాలని ఆయన పట్టిన పట్టు గురించి చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినందువల్ల కాబోలు, ఈ విషయంలో నాకు ఓపిక తక్కువ. ఏ వరుసలో, ఏమి ఆశించాం, ఏమి కనిపించింది అన్న మూడూ ఉండాలి. వరుసతో పాటు నిలువు స్థానం కూడా చూపదలిస్తే, మీరు కామెంట్లలో, స్ట్రింగుల్లో తెలుగు రాస్తున్నారు కనుక జాగ్రత్త: "బరంపురం" అన్న మాటలో ఏడు కోడ్ పాయింట్లు (యూనికోడ్ గుర్తులు) ఉన్నాయి, యూటీఎఫ్-8లో అవి 21 బైట్లు, ఒడియా అక్షరాలకూ ఒక్కోదానికి మూడు బైట్లే. ఫ్లెక్స్ లెక్కించేది బైట్లను. ఆ వరుసలో చూపే స్థానం ఎక్కడికో పోతుంది. వరుస సంఖ్యతో సరిపెట్టుకోవడమే సులువు.

విండోస్‌లో రాసిన పరీక్ష ఫైళ్లలో ప్రతి వరుస చివర క్యారేజ్ రిటర్న్ అనే అదనపు బైటు ఉంటుంది. దానిని ఖాళీ స్థలంగా భావించమని ఫ్లెక్స్ నియమాల్లో చేర్చండి, లేకపోతే కంటికి కనిపించని అక్షరం మీద తప్పు చూపిస్తుంది.

కోడ్ ఎక్కడ ఉందన్నది మీరు చెప్పలేదు గానీ, చెప్పకపోవడమే నన్ను కలవరపెడుతోంది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు నేను ఒక విద్యార్థి జట్టుకు సలహా ఇస్తున్నాను. వారి తాజా కోడ్ అంతా ఒకే ల్యాప్‌టాప్‌లో ఉంది. కిటికీ రెక్క ఊడి వాన లోపలికి కొట్టి ఆ ల్యాప్‌టాప్ తడిసింది. రోజుల తరబడి కరెంటు లేక అది బతికిందో లేదో చూసే వీలు కూడా లేకపోయింది. చివరికి, మూడు వారాల కిందట ఎవరో మెయిల్ చేసుకున్న ప్రతితో మళ్లీ మొదలుపెట్టారు. ఏప్రిల్‌లో తుఫాను రాకపోవచ్చు, ల్యాప్‌టాప్ మీద టీ ఒలికినా ఫలితం అదే. ప్రతి సాయంత్రం గిట్‌లో చేసిన మార్పులను బయటి సర్వర్‌కు పంపండి, ఒక పెన్‌డ్రైవ్‌లోనూ పెట్టండి.

రిపోర్టును ఐదో రోజుకు మొదలుపెట్టండి. కోడ్ మొత్తాన్ని అందులో అతికించవద్దు. కోడ్ విడిగా ఇస్తారు కదా. పది పన్నెండు వరుసల ఒకే ప్రోగ్రామును తీసుకుని అది టోకెన్లుగా (విడి మాటలుగా), చెట్టుగా, సింబల్ టేబుల్‌గా (పేర్ల పట్టికగా), చివరికి అసెంబ్లీగా మారే తీరును చూపితే పాఠ్యపుస్తకపు నిర్వచనాలు ఇరవై పేజీలు రాసినదానికంటే విలువైనది. ఎక్కడి నుంచైనా కోడ్ తెచ్చుకుని ఉంటే, ఏ ముక్క తెచ్చారో రాయండి. పరిమితులకు ఒక పేజీ కేటాయించి అర్రేల సంగతి దాచకుండా రాయండి. పరీక్షకుడు తానుగా కనిపెట్టిన లోపానికి, మీరే ముందుగా ఒప్పుకున్న లోపానికి పడే మార్కులు ఒకటి కావు. రెండు వైపులా కూర్చున్నవాడిగా చెబుతున్నాను.

వైవాకు ముగ్గురూ ఒకే విధంగా సిద్ధం కావాలి. "నేను పార్సర్ రాశాను, కోడ్ జనరేషన్ అతనిది" అన్న జవాబు వినగానే తరువాతి ప్రశ్న కోడ్ జనరేషన్ మీదే వస్తుంది. అందుకు నాకు తెలిసిన మంచి సాధన ఒక్కటే: మీ భాషలో లేని, భాగహార శేషాన్నిచ్చే మాడ్యులో ఆపరేటర్‌ను వేరే బ్రాంచిలో ఒక్కొక్కరు విడివిడిగా, ఒకరిని ఒకరు అడగకుండా చేర్చి చూడండి. లెక్సర్‌లో (ఫ్లెక్స్ భాగంలో) ఒక గుర్తు, బైసన్‌లో గుణకారపు వరుసలోనే దాని ప్రాధాన్యం, చెట్టులో ఒక కొత్త రకం నోడ్, ఆపైన అసెంబ్లీలో భాగహార ఆదేశమైన ఐడివ్ ఇచ్చిన శేషాన్ని ఈడీఎక్స్ రిజిస్టర్ నుంచి తీసుకోవడం, దానికి ముందు సీడీక్యూతో గుర్తు బిట్టును విస్తరించడం. గంట పని. కంపైలర్ మొత్తం ఒకసారి చేతుల మీదుగా వెళుతుంది.

రాయగడ వెళ్లిన మిత్రుడిని పని తప్పించుకున్నవాడిగా చూడకండి. ఆయన వల్ల ఇప్పుడు మీకు కలిగే లాభం మరొకటి ఉంది. వారం రోజులుగా ఆయన ఈ కోడ్ ముఖం చూడలేదు. ఏడో రోజున గిట్‌లో ట్యాగ్ వేసి కోడ్‌ను ఆపేయండి. ఎనిమిదో రోజున ఆయనను ల్యాబ్‌లో మీది కాని ఒక కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, రీడ్‌మీ ఫైలు మాత్రమే చేతికిచ్చి, కోడ్ తెచ్చుకోవడం నుంచి పరీక్షలన్నీ నడపడం దాకా ఒంటరిగా చేయమనండి. మీరిద్దరూ వెనక కుర్చీల్లో నోరు విప్పకుండా కూర్చోండి. ఆయన ఎక్కడెక్కడ ఆగి మీ వైపు తిరుగుతారో కాగితం మీద రాసుకోండి; తొమ్మిదో రోజున మీరు ముట్టుకోవలసింది ఆ చోట్లను మాత్రమే.